మంగళవారం అత్తయ్య గారు

బందరు గొడుగుపేట రత్నమాంబ గారు పరమపదించారన్న దుర్వార్త గుడివాడ స్టేషనులో, రైలు దిగిన మిత్రుడి నోట విన్నాను. "పెద్ద వయసే కదండీ" అని ఆయన ఓదార్చబోయాడు. పెద్ద వయసువారు పోతే దుఃఖం తగ్గుతుందని ఎవరు కనిపెట్టారో గాని, నాకు తగ్గలేదు.

ఆ మహాతల్లి పేరు పత్రికలకెక్కలేదు. భర్త ప్లీడరు గుమాస్తా, సంపాదన అంతంతమాత్రం. మా చిన్ననాట పొరుగూళ్ళ పేద పిల్లలం బందరులో వారాలు చేసుకుని, అంటే రోజుకొక ఇంట భోంచేసి, చదువుకునేవాళ్ళం. దివిసీమ నుంచి పడవెక్కి వచ్చిన నాకు రత్నమాంబ గారింట మంగళవారం దొరికింది. కొన్ని ఇళ్ళలో వారాల పిల్లలకు నీళ్ళమజ్జిగే గతి. ఆమె మాత్రం తన కొడుకుల పక్కనే ఆకు వేసి, వాళ్ళకు వేసిన గడ్డపెరుగే మాకూ వేసేది.

తినేటప్పుడు చదువు సంగతి ఎత్తనిచ్చేది కాదు. గుమాస్తా గారు మార్కులడగబోతే, "ముద్ద గొంతు దిగనీయండి. కడుపు కాలుతుంటే పిల్లాడికి పుస్తకం మీద మనసెలా నిలుస్తుంది?" అని కసిరేది.

నాలుగో ఫారం పరీక్ష తప్పాను. ఒక్కొక్క ఇల్లే, "ఇంకెందుకు బాబూ, ఊరెళ్ళి పొలం చూసుకో" అని వారం మాన్పించింది. ఆమె నోటా ఆ మాట వినే ధైర్యం లేక, మంగళవారం నాడు వెళ్ళకుండా గదిలోనే మూట కట్టుకుంటున్నాను. పొద్దు వాలుతుండగా గుమాస్తా గారు రొప్పుతూ వచ్చారు.

"ఏరా, నువ్వు రాలేదని మీ అత్తయ్య మెతుకు ముట్టలేదు. నాకూ వడ్డించలేదు! నడు, నడు."

వెళ్ళేసరికి నా ఆకు వేసే ఉంది. నా మొహం చూసి అంది: "పరీక్ష మళ్ళీ వస్తుంది నాయనా. నా ఇంటికి రావడం ఎందుకు మానావు? మిగతా ఇళ్ళు కుదిరేదాకా రోజూ ఇక్కడికే రా."

ఏడుస్తూ తిన్నాను. మరుసటి ఏడు పాసయ్యాను. ఈనాడు నలుగురికి పాఠం చెబుతున్నానంటే నా తెలివి కాదు, ఆ పూట వేసిన ఆకు.

మొన్న కర్మకు వెళ్ళాను. కోడలు కళ్ళొత్తుకుంటూ చెప్పింది: "ఆఖర్లో ఆవిడకి ఏ వారమో తెలిసేది కాదండీ. రోజూ మంగళవారమే అనుకునేవారు. 'దివి అబ్బాయి ఇంకా రాలేదు, ఆకు తియ్యకండి' అనేవారు."

తర్వాత భోజనాలకు లేవమన్నారు. పాత చోటనే కూర్చున్నాను.

అత్తయ్య గారూ, మీ దివి అబ్బాయి వచ్చాడు. ఆకు ముందు కూర్చున్నాడు. వడ్డించడానికి మీరు లేరు.