కాంటా ఎల్లన్న బిడ్డ బరువు

మా పక్క క్వార్టర్ ఎల్లన్నను గోదావరిఖనిలో అందరూ కాంటా ఎల్లన్న అంటారు. బొగ్గు లారీలను తూచే కాంటా మీద ఆయన డ్యూటీ. మనిషి మంచివాడే, నోటికే తాళం లేదు. కాంటా గది బోర్డు మీద బరువు అంకె పడిందంటే ఇక ఎవరి మాటా వినడు.

బిడ్డ సంధ్యారాణికి పదమూడేళ్లు. స్కూల్లో ఖోఖో బాగా ఆడేది. ఆదివారాలు కాంటా దగ్గరికి తండ్రికి మధ్యాహ్నం తినే సద్ది తెచ్చేది. 2007లో ఒక ఆదివారం ఎల్లన్నకు సరదా పుట్టి, పిల్లను లారీల కాంటా మీదే నిలబెట్టాడు. అరవై చూపింది. అంతకుముందేడు ఇట్లాగే నిలబెడితే నలభై.

"ఏడాదిల ఇరవై కిలోలా! నా బిడ్డ ఓవర్‌లోడ్ అయింది!" అని వరుసలో ఉన్న డ్రైవర్లందరికీ వినబడేటట్టు అరిచాడు. వాళ్లు పగలబడి నవ్వారు. పిల్ల కూడా నవ్విందని ఎల్లన్న ఇప్పటికీ అంటాడు. నేను నమ్మను.

ఇంటికొచ్చి భార్య జమునతో, "దానికి అన్నం తగ్గియ్యి" అన్నాడు. తగ్గించే పని జమునకు పడలేదు. పిల్లే రెండు ముద్దలు తిని లేచిపోయేది. సద్ది తేవడం మానేసింది. అలిగిందిలే అనుకున్నాడు ఈ మహానుభావుడు. ఒకరోజు ఖోఖో ఆడుతూ కళ్లు తిరిగి పడిపోతే దవాఖానకు ఎత్తుకుపోయారు.

డాక్టర్ ఖుష్నుమా పిల్ల బరువు, ఎత్తు చూసి లెక్క కట్టింది. బరువు నలభై తొమ్మిది. లావైందన్నందుకు పిల్ల తిండి మానేసిందని జమున చెప్పింది.

"లావైందని ఎవరన్నరు?"

"మా కాంటా మీద అరవై వచ్చింది మేడం."

"మీ కాంటా ఎన్ని కిలోలకు ఒక అంకె జరుగుతది?"

ఎల్లన్నకు అప్పుడు వెలిగింది. "ఇరవైకి."

ఆ కాంటా మీద యాభైకి ఒక్క కిలో అటైతే అరవై, ఇటైతే నలభై. లారీల దగ్గర ఇరవై కిలోలు అటూ ఇటూ అయితే పోనీలే అనేవాడు. బిడ్డ దగ్గర మాత్రం అదే అంకె పట్టుకున్నాడు!

"సరైన కాంటా అయినా బరువొక్కటే చూస్తే తెల్వదు," అంది డాక్టరమ్మ. "ఎత్తుతోని కలిపి లెక్క చెయ్యాలె. ఆ లెక్కకు పెద్దోళ్ల హద్దు పిల్లలకు పెట్టద్దు. ఆరు టైర్ల లారీకి, పది టైర్ల లారీకి ఒక్కటే లోడు పెడ్తరా? అట్లనే ఇది. ఇదే ఈడు ఆడపిల్లలతోని పోల్చి చూస్తం. మీ బిడ్డ మంచిగనే ఉన్నది. ఎదిగే పిల్ల, కడుపునిండ తిననియ్యున్రి."

ఆ రాత్రి ఎల్లన్న పిల్ల ముందు కూర్చుని, "తప్పైంది బిడ్డా" అని ఏడ్చాడు. సంధ్య కంచం ముందుకు లాక్కుంది. కడుపునిండా తిన్నది.

నెల తర్వాత ఒక ఆదివారం సద్దిగిన్నె పట్టుకుని మళ్లీ వచ్చింది. ఎల్లన్న ఆనందం పట్టలేక కాంటా గది గుమ్మంలోకి ఉరికొచ్చాడు. అడ్డంగా కాంటా ఇనుప పలక మీదుగా నడిస్తే గదికి నాలుగడుగులు. పిల్ల దాని అంచు దాకా వచ్చి ఆగింది.

"రా బిడ్డా, బోర్డు బంద్ చేసిన."

"వస్తున్న బాపూ" అంది సంధ్య, నవ్వుతూనే. కాంటా మీద కాలు పెట్టకుండా, బురదలోంచి చుట్టూ తిరిగి వచ్చింది.