నాన్న డిప్లోరబుల్ అన్న రోజు

ఇవాళ ఆవపిండి వాసనకి ఆ ఉదయం గుర్తొచ్చింది. ఆ రోజు పెరట్లో ఆవకాయకి ముక్కలు కొడుతున్నారు. కత్తిపీట మీద టెంక పగిలే చప్పుడు మీకూ గుర్తుండే ఉంటుంది.

"పెద్దపిల్లకి ఇంక నూజివీడు చదువెందుకురా? చంటోణ్ణి చూసుకుంటా ఇంటిపట్టున ఉంటుంది," అంది నాన్నమ్మ.

నాన్న ఎవరినీ తిట్టరు. ఎంత కోపమొచ్చినా ఒక ఇంగ్లీషు మాటే. పేపరు దించి, "డిప్లోరబుల్!" అన్నారు.

"నేననేదీ అదేరా," అంది నాన్నమ్మ. నాన్న అటు వెళ్ళగానే నా పుస్తకాలు అటకెక్కాయి.

సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ మాటకి అర్థమేంటని నాన్నని అడిగాను.

"చాలా ఘోరం అని, తల్లీ."

"నాన్నమ్మేమో మీరు సరేనన్నారనుకుంది నాన్నా. తెలుగులో చెప్పండి."

నాన్న వంటింటి గడపలో నిలబడి, "అమ్మా, అది బడి మానదు," అన్నారు.

"ఆ ముక్కేదో పొద్దున్నే ఏడవొచ్చుగా!"

బడి వదిలేదాకా తమ్ముణ్ణి నాన్నమ్మ, వదిలాక నేను చూసుకోవాలని ఆ సాయంత్రం నిర్ణయమైంది.