ఎమిల్ హుడాచెక్ మూడు చుక్కలు

ఎమిల్ హుడాచెక్ ముప్పై ఎనిమిదేళ్లు గాజు ఫ్యాక్టరీలో చెమటోడ్చాడు. అయినా పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊళ్లో ఎవరికీ ఆ సంగతి పట్టలేదు. బొమ్మ రైలింజను పొగ మానేసిందంటే మాత్రం, ఊళ్లోవాళ్లు దాన్ని తువ్వాల్లో చుట్టి, జ్వరమొచ్చిన పసివాణ్ణి ఎత్తుకొచ్చినట్టు ఆయన ఇంటి నేలమాళిగలోకి దిగేవారు. ఆయన ఒంటికన్నుతో పొగగొట్టంలోకి చూసి ఒకే ప్రశ్న వేసేవాడు.

"ఎన్ని చుక్కలేశావు?"

"మూడే ఎమిల్, ఒట్టు!"

అందరూ అలాగే ఒట్టేసేవారు, అందరూ అబద్ధమే చెప్పేవారు. పొగనూనె మూడు చుక్కలు పడితే లోపలి వత్తి తడిసి, తీగ వేడికి పొగ వస్తుంది. నూనె లేకపోతే వత్తి మాడుతుంది, ఎక్కువైతే మునుగుతుంది. ఇంత చిన్న విషయం అంతంత చదువులు చదివినవాళ్ల బుర్రకు ఎందుకెక్కదో ఆయనకు అంతుపట్టేది కాదు. పట్టకారుతో మాడిన వత్తి లాగేసి, కొత్తది పెట్టి, నాలుగు తిట్టి పంపేవాడు.

"కర్టెన్లు కూడా ఇంజను కంపే. నీ చేత సిగరెట్లు మానిపించి నేను బావుకున్నదేంటి?" అనేది భార్య రోజాన్.

కిందటేడు చర్చి హాల్లో బొమ్మ రైళ్ల క్లబ్బు పెట్టిన క్రిస్మస్ ప్రదర్శనలో పదకొండు ఇంజన్లు ఒక్కసారి పొగ వదిలేసరికి అలారం మోగింది. పక్క గదిలో బింగో ఆడుతున్న ముసలమ్మలంతా అట్టలు పట్టుకుని మంచులో నిలబడాల్సి వచ్చింది. అందుకని ఈ ఏడు ఫాదర్ గ్రెగరీ పొగ వద్దన్నాడు.

"పొగ లేకపోతే అది రైలా ఫాదర్, ఇస్త్రీ పెట్టె!" అని ఎమిల్ లేచాడు.

"సరేనయ్యా, ఒక్క ఇంజనుకే. అలారం మోగిందా, వచ్చే ఏడు నుంచి ఈ హాలు మీది కాదు."

ఊళ్లో ఇంకో హాలు లేదు. పూచీ నాదన్నాడు ఎమిల్. తన సొంత ఇంజనుకు కొత్త వత్తి పెట్టి, ఊపిరి బిగబట్టి మూడు చుక్కలు వేశాడు. నూనె సీసా అక్కడే పెట్టి, ఆలుగడ్డ కూరిన పిరోగీలు తినడానికి వెళ్లాడు. అదే ఆయన చేసిన తప్పు.

పిల్లలు మూగారు. ఇంజను కదిలింది. పొగగొట్టం గుడగుడమందే తప్ప పొగ రాలేదు. ఎమిల్‌కు తల కొట్టేసినట్టయింది. ఇంజను తీసి కాగితం రుమాళ్ల మీద బోర్లించాడు. ఒక రుమాలు తడిసింది, రెండోది తడిసింది, మూడోదీ తడిసింది.

"ఎవడ్రా పోసింది?"

క్లబ్బు ప్రెసిడెంటు వెర్నన్ తల దించుకున్నాడు. "ఐదే చుక్కలురా. నీ చేతులు వణుకుతాయి కదా, సరిగా పడ్డాయో లేదోనని."

"నేను నాలుగు. వెర్నన్‌కు మతిమరుపు కదా అని," అన్నాడు టికెట్లు చింపే స్టాన్.

తిలా పాపం తలా పిడికెడు. అయినా నాలుగో రుమాలు కూడా తడుస్తూనే ఉంది. ఎమిల్ చుట్టూ చూశాడు.

"ఎనిమిది," అన్నాడు ఫాదర్ గ్రెగరీ నెమ్మదిగా. "పిల్లలు చాలాసేపట్నుంచి చూస్తున్నారయ్యా. తొమ్మిదేమో."

ఫాదర్‌ను తిట్టలేక ఎమిల్ ఆ కోపమంతా పొగగొట్టంలోకి ఊదాడు. మిగిలిన నూనె ఎగజిమ్మి మీసాల మీద పడింది. పిల్లలు విరగబడి నవ్వారు. ఇంజను మళ్లీ పట్టాలెక్కింది. ముందు సన్నటి పాయ, తర్వాత పచ్చికట్టెల పొయ్యి రాజేసినంత పొగ! అది తిన్నగా పైకప్పుకు ఉన్న అలారం వైపే లేచింది. ఎమిల్ చటుక్కున స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ఆపకు! ఇంకో చుట్టు తిరగనీ," అంటూ ఫాదర్ కుర్చీ ఎక్కి, బింగో అట్టతో అలారం కింద విసరడం మొదలుపెట్టాడు. ఎమిల్ పరుగున వెళ్లి కుర్చీ కాళ్లు పట్టుకున్నాడు. చుట్టు తర్వాత చుట్టు తిరిగింది గానీ అలారం మోగలేదు.

"వచ్చే ఏడు రెండు ఇంజన్లు పెడదామా ఎమిల్?" అన్నాడు ఫాదర్ పైనుంచి, రొప్పుతూ.

"పెడదాం ఫాదర్. నూనె సీసా మాత్రం మా ఆవిడ దగ్గరుంటుంది."