మొగుణ్ణి వెతుక్కునే సర్వే

ఆ రోజుల్లో ఎవరైనా కాగితం, పెన్సిలు పట్టుకుని ఇంటికొచ్చి ప్రశ్నలడిగితే దాని వెనక ఏదో ఉండి తీరాలి. ఊరికే తెలుసుకుందామని అడిగేవాళ్ళు కూడా లోకంలో ఉంటారంటే నమ్మే మనిషి మా రాయగడ రైల్వే కాలనీలో ఒక్కడూ లేడు. జనాభా లెక్కలవాడు వస్తే రేషను కార్డులో పేర్లు కొట్టేస్తాడేమోనని భయం. "పిల్లలెంతమంది?" అని ఎవరైనా మొదలుపెడితే కుటుంబ నియంత్రణ వాళ్ళనుకుని మగవాళ్ళు పెరటి గుమ్మంలోంచి జారుకునేవారు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్ చేసి అడిగితే వయసూ జీతం ఇంటి అడ్రసూ గడగడా చెప్పేసే జనాన్ని చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. వీళ్ళ అమాయకత్వంలో కాస్తంత అప్పట్లో మా కాలనీకి ఉండుంటే నా ఎం.ఏ. అంత అల్లరిపాలయ్యేది కాదు.

నేను వాల్తేరులో ఉండి సోషియాలజీ చదివేదాన్ని. (అదేం చదువని కాలనీలో అడిగితే "మనుషుల గురించి" అని చెప్పేదాన్ని. "మనుసుల గురించి సదవడానికి వాల్తేరు ఎల్లాలేటి, ఈదరుగు మీద కూకుంటే సాలదా?" అనేవారు.) పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పే పేపరు ఒకటి ఉండేది. అది చెప్పే మాస్టారికి మేం అనుమానాల మాస్టారని పేరు పెట్టుకున్నాం. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక కన్ను చికిలించి చూసేవారు. "ఎవరూ మీకు నిజం చెప్పరు. మీరు ఏం వినాలనుకుంటున్నారని తోస్తుందో అది చెప్తారు. అంచేత ఒకటే ప్రశ్న రెండు రకాలుగా అడగండి. మొగుణ్ణీ పెళ్ళాన్నీ పక్కపక్కన కూచోబెట్టి అడక్కండి, విడివిడిగా అడగండి" అనేవారు. ఆయన మాటలు నాకు వేదవాక్కులు. ఎంతగా ఒంటబట్టాయంటే, హాస్టల్లో వంటమనిషి "ఇయ్యాల సాంబారు బాగుందమ్మా" అంటే, కాసేపాగి "ఇవాళ మీరేం తిన్నారు?" అని అడిగేదాన్ని. అతను ఊరగాయతో తిన్నాడని తేలేది. ఆ పూట నేనేదో కొత్త ఖండం కనిపెట్టినంత గర్వపడేదాన్ని.

అసలు నన్ను వాల్తేరు పంపడమే మా ఇంట్లో పెద్ద గొడవైంది. నాన్న రైల్వేలో సిగ్నల్ మెకానిక్. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది డ్యూటీ గురించే. అమ్మకి పరువంటే ప్రాణం, నలుగురూ ఏమనుకుంటారోనన్నదే ఆవిడకి పగలూ రాత్రీ ధ్యాస. ఇద్దరి మీదా పెత్తనం కోరాపుట్ మావయ్యది. అమ్మకి అన్నగారు, కోరాపుట్‌లో ప్రభుత్వాఫీసులో పెద్ద గుమాస్తా, మా ఇంట్లో ఏ మంచీ చెడూ ఆయన లేకుండా జరగదు. ఆయన బి.ఏ. చాలన్నాడు. చివరికి ఎలాగో ఒప్పుకున్నాడు గాని, నేను రైలెక్కే రోజు ప్లాట్‌ఫారం మీదే ఆంక్ష పెట్టాడు. "అమ్మి మీద ఒక్క మాట పడ్డాదంటే, ఆ రోజే ఎనక్కి తెచ్చీడమే. మరి ఎల్లడం నేదు." అప్పటికి నాకది ఒక లెక్కలోకి వచ్చే మాటలా తోచలేదు. నా మీద మాట పడడానికి నేనేం చేస్తాను గనక?

మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవులకి మాస్టారు ఒక పని అప్పజెప్పారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఓ ఇరవై ఇళ్ళు తిరిగి, ఇంట్లో నిర్ణయాలు ఎవరు చేస్తారో కనుక్కుని రావాలి. ప్రశ్నలు ఇంగ్లీషులో ఇచ్చారు, నేను కష్టపడి తెలుగులోకి దింపుకున్నాను. సొంత ఊరేది? మీరేవిట్లు, అంటే ఏ కులం? పెళ్ళికాని మగపిల్లలెంతమంది? ఎంతవరకు చదివారు? జీతమెంత? ఆ జీతం ఎవరి చేతికిస్తారు? తాగుడు, పేకాట లాంటివి ఉన్నాయా? కోడలొస్తే వంటింటి పెత్తనం ఎవరిది? ఇన్ని ప్రశ్నలు ఒక పెళ్ళీడు పిల్ల ఇల్లిల్లూ తిరిగి అడిగితే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తట్టలేదంటే మీరు నమ్మాలి. లోకంలో అందరి మాటల్నీ అనుమానించడం నేర్చుకున్నాను గాని, నా మాటలు ఎదుటివాళ్ళకి ఎలా వినిపిస్తాయోనన్న అనుమానం మాత్రం రాలేదు.

మొదట గార్డుగారింటికి వెళ్ళాను. గార్డుగారు వరండాలో లుంగీతో కూచుని ఉన్నారు. ఇంట్లో నిర్ణయాలు ఎవరివని అడిగితే, ఒకసారి లోపలికి తొంగి చూసి, గొంతు సవరించుకుని, "నావే" అన్నారు. రాసుకున్నాను. తర్వాత లోపలికెళ్ళి ఆయన అత్తగారిని అడిగాను. కాలనీ అంతా ఆవిణ్ణి గార్డత్త అనేవారు. కాలనీలో గార్డత్తకి తెలియకుండా పాలు పొంగవు.

"ఆడేటి నిర్ణయిస్తాడమ్మి! ఆడు జెండా ఊపాలన్నా ఇంకోడు సెప్పాల" అంది. అని, నన్ను ఎగాదిగా చూసి, "ఇవన్నీ నీకెందుకు? ఎవలు పంపేరు నిన్ను?" అంది.

"మా మాస్టారు అత్తా. వాల్తేర్లో."

"ఆయనికి మా సంగతి ఎందుకు? ఆయన కొడుకులు, కూతుళ్ళు పెళ్ళికున్నారేటి?"

"లేదత్తా. ఊరికే. తెలుసుకోడానికి."

"ఊరికేనా!" అంది గార్డత్త. మెల్లిగా ఆవిడ మొహంలో ఏదో వెలిగింది. "మా మనవడు రాయపూర్‌లో ఫైర్‌మేన్. రాసుకో. బీడీ కూడా ముట్టడు. రాసుకున్నావా?" అంటూ లోపల్నించి పళ్ళెంలో జంతికలు తెచ్చిపెట్టింది.

మర్నాటినుంచి నాకు జరిగిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి కప్పులో, సాసరుతో సహా టీ వచ్చేది. అంతకు ముందు రోజువరకూ బనీనుతో తిరిగే కుర్రాళ్ళు ఇస్త్రీ చొక్కాలేసుకుని, తలకి నూనె పెట్టుకుని, చేతిలో పుస్తకం తెరిచి (ఒకడు తలకిందులుగా తెరిచాడు) కూచునేవారు. జీతాలు మూడు రోజుల్లో పెరిగిపోయాయి. తాగుడు అన్న మాటెత్తితే తల్లులు చెవులు మూసుకునేవారు. సాయంత్రమైతే స్టేషను వెనక సారా దుకాణం దగ్గర ఎవరెవరుండేవారో పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదాన్ని, నాకు అనుమానం రాకేం చేస్తుంది? ఇంకోవైపు, కొన్ని ఇళ్ళవాళ్ళు నన్ను దూరాన్నించి చూడగానే తలుపులేసుకునేవారు. వాటిలో రెండిళ్ళలో అబ్బాయిలకి సంబంధాలు ఖాయమయ్యాయని నాకు తెలుసు, అయినా ఆ రెంటికీ ముడిపెట్టుకోలేకపోయాను. మాస్టారు చెప్పిన పెద్ద పెద్ద మాటలన్నీ గుర్తు తెచ్చుకుని, మధ్యతరగతి మనస్తత్వం, పరాయివాళ్ళంటే భయం అంటూ రాత్రి లాంతరు ముందు కూచుని పేజీలు పేజీలు సిద్ధాంతాలు రాశాను. అవి ఇప్పుడు దొరికితే బాగుండును, ఒక్కదాన్నే కూచుని నవ్వుకుందును.

నాలుగో రోజు అమ్మ కుళాయి దగ్గర్నించి ఖాళీ బిందెతో వచ్చింది. బిందె దింపిన చప్పుడుకే నాకర్థమైంది, ఏదో అయిందని.

"ఏటే! నీకు నువ్వే మొగుణ్ణి ఎతుక్కుంతన్నావంట! ఇల్లిల్లూ తిరిగి ఎవలికెంత జీతమో, ఎవలు తాగుతారో రాసుకుంతన్నావంట! నలుగురూ నా మొకం మీదే నవ్వుతన్నారు. గార్డత్త అయితే మనవడి ఫొటో ఎప్పుడు పంపమంతావని అడిగింది!"

నేను మాస్టారు, పరిశోధన, శాస్త్రం అంటూ ఏదో చెప్పబోయాను. అమ్మ వినలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. అప్పుడు నాకు భయం వేసింది. మాట పడింది. ప్లాట్‌ఫారం మీద మావయ్య చెప్పిన ఆ ఒక్క మాట, నా చేజేతులా పడింది.

రైల్వే కాలనీలో కబురు టెలిగ్రాంకంటే ముందు చేరుతుంది. అక్కణ్ణించి మూడో రోజుకల్లా కోరాపుట్ మావయ్య ఘాటీ దిగి బస్సులో వచ్చేశాడు. భుజం మీద కొట్పాడు నేత ఎర్ర తువ్వాలు, మొహం అంతకంటే ఎర్రగా ఉంది. ఆఫీసులో కింద ఉద్యోగుల్ని ఒడియాలో కసిరి కసిరి అలవాటైన మనిషి, నేను "మావయ్యా" అనబోతే "చుప్ రుహ!" అన్నాడు. నాన్న డ్యూటీ దిగొచ్చి వరండాలో కిరసనాయిలుతో చేతుల గ్రీజు తుడుచుకుంటున్నారు. అమ్మ వంటింట్లో ఉంది. నేను మధ్యగదిలో తలుపు పట్టుకుని నిలబడ్డాను. నా చదువు ఈ సాయంత్రంతో అయిపోతుందని తెలుస్తూనే ఉంది.

"బావా, ఇంక సాలు. అమ్మిని మరి పంపకండి. ఈ ఏడే సంబంధం సూసీ, సేసీడమే" అన్నాడు మావయ్య.

నాన్న ఒక్కో వేలూ తుడుచుకుంటూ, "నాదేటుంది బావా, మీ సెల్లి ఒప్పుకోవాల గదా. ఆవిడ పట్టుబట్టే పంపించినాది" అన్నారు.

మావయ్య వంటింట్లోకి వెళ్ళాడు. "ఏటమ్మా, నువ్వేటా పట్టుబట్టినావు?"

"నానా?" అంది అమ్మ. పొయ్యి మీంచి చూపు తిప్పలేదు. "నానేటి సేతును అన్నియ్యా? మీ బావ ఇనరు. ఆయన మాట్టాడరు గాని, మనసులో ఏదైనా పెట్టుకుంటే బెమ్మదేవుడు సెప్పినా ఇనరు."

మావయ్య వరండాలోకి వచ్చాడు. నాన్న "మీ సెల్లే" అన్నారు. మావయ్య వంటింట్లోకి వెళ్ళాడు. అమ్మ "మీ బావే" అంది. ఇలా ఆయన నా పక్కనుంచి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగాడో, వెళ్ళినప్పుడల్లా తువ్వాలు నాకు తగిలేది. చివరికి ఆయాసపడుతూ నా ముందు ఆగాడు. "ఏదే, ఆ కాయితం తే! ఊరందరినీ అడిగినావు గదా, మీ ఇంట్లో అడుగు. నా ముందర అడుగు. ఈ ఇంట్లో పెద్దెవలో ఇయ్యాల తేలిపోవాల!"

నేను కాగితం తెచ్చాను. వరండాలో నాన్నని అడిగాను. "ఆడపిల్ల చదువు గురించి ఈ ఇంట్లో ఎవరు నిర్ణయించారు?"

"మీ అమ్మ" అన్నారు నాన్న, నన్ను చూడకుండా.

వంటింట్లో అమ్మనడిగాను. "మీ నాన్న" అంది, గరిటె తిప్పుతూ.

మావయ్య ఊరుకునే మనిషి కాదు. "సరే! మాన్పించాలంటే ఎవలు మాన్పించాల? అది అడుగు!" అన్నాడు. (అనుమానాల మాస్టారు ఉంటే మావయ్యకి ఉద్యోగం ఇచ్చుండేవారు.)

"పంపినోలే మాన్పించాల గదా" అన్నారు నాన్న. వంటింట్లోకెళ్ళి అడిగితే, ఆ మాట వినని అమ్మ కూడా అదే అంది.

మావయ్య వరండా మెట్టు మీద కూలబడ్డాడు. దెబ్బలాడదామని కోరాపుట్ నుంచి వచ్చిన మనిషికి, దెబ్బలాడడానికి ఎదురుగా ఒక్క మనిషి దొరకలేదు. అమ్మ భోజనం పెట్టింది. వంకాయ కూర రెండోసారి వేయించుకుని తిన్నాడు. "ఇన్నేళ్ళు మీ ఇంటికొత్తన్నాను, ఇక్కడ పెద్దెవలో నాకిప్పటికీ తెలీకుండా పోనాది" అంటూ తువ్వాలు దులుపుకుని పొద్దున్నే బస్సుకి వెళ్ళిపోయాడు. నన్ను మాన్పించమని మళ్ళీ అనలేదు. సెలవులయ్యాక నేను రైలెక్కాను. గార్డత్త మాత్రం ఆ ఏడాదంతా నాతో మాట్లాడలేదు.

నా రిపోర్టు చదివి మాస్టారు ఒక కన్ను చికిలించి, "ఏమ్మా, మీ కాలనీలో చుక్క ముట్టే మగాడే లేడా?" అన్నారు. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి పెన్సిలు ఆపారు. "భర్త భార్య అంటాడు, భార్య భర్త అంటుంది. ఇద్దరిలో ఒకరైనా అబద్ధం చెప్పారు, లేదా ఇద్దరూ చెప్పారు. ఈ ఇల్లు పనికిరాదు, తీసెయ్యి" అన్నారు. తీసేశాను.

తర్వాత నేనూ కాలేజీలో అదే పేపరు చెప్పి బతికాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. ఒక మధ్యాహ్నం గోరుచిక్కుళ్ళు వలుస్తుంటే, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న అనుమానం బయటపెట్టాను. "నిజం చెప్పు. మీరిద్దరూ ముందే మాట్లాడుకుని మావయ్యని అలా తిప్పారు కదూ?"

"ఏటి మాటాడుకోడం?" అంది అమ్మ. "నిన్ను మళ్ళీ పంపాలా వద్దా అని నానూ మీ నాన్ననడగనేదు, ఆయనా నన్నడగనేదు. అడిగుంటే ఎవలో ఒకలం వద్దనీవోలం. నాకూ బయమే, ఆయనకీ బయమే."

జీవితమంతా ప్రశ్నలు ఎలా అడగాలో నేర్పి జీతం తీసుకున్నదాన్ని. నా చదువు, ఉద్యోగం, ఆ మధ్యాహ్నం మేం కూచున్న ఆ ఇల్లూ, అన్నీ వాళ్ళిద్దరూ ఒకరినొకరు అడక్కుండా మింగేసిన ఒక ప్రశ్న మీద నిలబడ్డాయి. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు ఒకేసారి వచ్చాయి. గోరుచిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

అమ్మ నా మొహంలోకి అనుమానంగా చూసి, "ఏటే, ఇప్పుడు మళ్ళీ ఏటడుగుతావు?" అంది.

"ఏం లేదమ్మా" అన్నాను.