బంక చుక్క

"...బంకే అని చెప్పాను కదా, ఇంకెన్నిసార్లు చూడమంటావు?"

"ఒక్కసారి చూస్తే చాలు. నువ్వు టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పావు."

"నీ చేతులు చూసుకో ఆర్డీ. అరచేతిలో ఎన్ని నల్ల చుక్కలున్నాయో. అవన్నీ పురుగులేనా?"

వంటింటి కుర్చీ వీపు పట్టుకుని, ఎడమకాలి పంట్లాం తొడదాకా మడిచి నిలబడింది ఆర్డెత్. మోకాలి మడత వెనక ఏదో చిన్నగా వేలికి తగులుతోంది. అరవై రెండేళ్ల మెడ అంత వెనక్కి తిరగదు. అద్దం పెట్టుకుంటే నీడ తప్ప ఏమీ కనబడలేదు.

చివరికి మొగుడు విన్‌స్లో లేచి వచ్చాడు. కళ్లజోడు బల్లమీదే ఉండిపోయింది. వంగి, బొటనవేలితో రుద్ది, "బంకే. గట్టిపడింది," అన్నాడు.

సింకు పక్కనున్న గిన్నెలోంచి వెన్న తీసి పామాడు. నవంబరు నెలంతా మా ఇళ్లల్లో ఆ గిన్నె అక్కడే ఉంటుంది, రొట్టెకోసం కాదు. ఫర్ చెట్ల బంక సబ్బుకి వదలదు, వెన్నకి వదులుతుంది. పొద్దస్తమానం ఫర్ కొమ్మల చివర్లు విరిచి, కర్రకి గుచ్చి, భుజాన మోసుకొచ్చే వాళ్ల ఒంటిమీద బంక అంటని చోటుండదు. ఆ కొమ్మలే షెడ్డులో గుండ్రటి తీగకి చుట్టుకుని, క్రిస్మస్‌కి ఎవరెవరి తలుపులకో దండలై వేలాడతాయి.

"పిడుదేమోనని," అంది ఆర్డెత్.

"మూడు మంచులు పడ్డాక పిడుదేంటే? చచ్చిన పురుగు కుడుతుందా?"

గట్టి మంచు మూడు రాత్రులు పడేదాకా మా వాషింగ్టన్ కౌంటీలో ఎవరూ కొమ్మ ముట్టరు. ముందే విరిస్తే దండ తలుపెక్కేసరికి ఆకంతా రాలిపోతుంది. అది నిజం. మూడో మంచుతో కుట్టేవన్నీ చస్తాయని ఇంకో మాట కూడా దాని వెంటే వస్తుంది. దోమల సంగతిలో అదీ నిజమే. పిడుదుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు, మా చిన్నప్పుడు ఇక్కడ పిడుదులు లేవు కాబట్టి. తర్వాత అవి జింకల వెంట వచ్చాయి. మాట మాత్రం పాతదే ఉండిపోయింది.

మూడు రోజులు వెన్న పామారు. నాలుగో రోజు స్నానంలో వేలికి ఏమీ తగల్లేదు.

"ఊడిందా? చెప్పానా," అన్నాడు విన్‌స్లో.

ఇంకో వారానికి ఆర్డెత్‌కి జ్వరం వచ్చింది. షెడ్డులో దండలు కట్టే రోజులు. ఒళ్లు నొప్పులు, మెడ బిగుసుకుపోవడం, చెమటలు. బల్లకి అటుపక్క కట్టే చెల్లెలు లోర్నా ఊరుకోలేదు. "ముందు క్లినిక్కుకి పద అక్కా. దండలెక్కడికీ పోవు," అని బండెక్కించింది.

క్లినిక్కులో కెర్విన్ అనే కుర్ర డాక్టరు చూశాడు. ఆ ఏడాదిలో మాకొచ్చిన మూడో మనిషి అతను. వస్తారు, మా పేర్లు పట్టుబడేసరికి వెళ్లిపోతారు. పిడుదేమైనా కుట్టిందా అని అడిగాడు.

"బంక చుక్క," అంది ఆర్డెత్. "మా ఆయన చూశాడు."

అయినా రక్తం తీశాడు. రెండు రోజుల్లో, పిడుదు కుడితే వచ్చే లైమ్ జబ్బు లేదని కాగితం వచ్చింది. ఆర్డెత్ దాన్ని ఫ్రిజ్‌కి అతికించింది. జ్వరం దానంతటదే తగ్గింది.

మార్చిలో ఎడమ మోకాలు వాచింది. రాత్రి పడుకున్నప్పుడు మామూలుగా ఉన్నది పొద్దున లేచేసరికి పంట్లాంలో పట్టలేదు. ఎర్రగా లేదు, పెద్దగా నొప్పి కూడా లేదు. నీళ్లు నింపిన తిత్తిలా ఉంది. వారం తర్వాత తగ్గింది. మళ్లీ వచ్చింది. ఈసారి తగ్గలేదు.

"నలభై ఏళ్లకి పైగా వంగి కొమ్మలు విరిచారు. కీలు అరుగుతుంది కదండీ," అన్నాడు కెర్విన్. అతని ముందున్న తెరమీద పాత ఫలితం ఉంది. "లైమ్ లేదని డిసెంబరులోనే తేలింది." కీళ్ల డాక్టరు దగ్గరికి చీటీ రాశాడు. బాంగోర్‌లో ఆయన దొరికేది సెప్టెంబరులో.

"అక్కణ్ణించి ఇంకెక్కడికి పంపుతారో," అంది లోర్నా బండిలో.

"కాగితం ఉందిగా," అంది ఆర్డెత్. విన్‌స్లో ఇంట్లో అనే మాటే అది. ఆమె మోకాలు పట్టుకుని కూర్చున్నప్పుడల్లా అతను ఫ్రిజ్ వైపు గడ్డం చూపించేవాడు.

మేలో వాళ్ల కుక్క టగ్‌కి రేబిస్ సూది వేయించాలి. టగ్ ఆర్డెత్ వెంటే అడవికి వెళ్తుంది, ఆమె వెంటే వస్తుంది. పశువుల డాక్టరు ఓడిల్ కుర్ర మనిషి, నిదానస్తురాలు. ఏటా చేసినట్టే టగ్ రక్తం ఒక చుక్క, పిడుదు జబ్బులు పరీక్షించే చిన్న పలకలో వేసింది. కాసేపటికి పలకమీద నీలం చుక్క లేచింది.

"టగ్‌కి లైమ్ ఉందండీ," అంది ఓడిల్. "నెల రోజులు మాత్రలు వేస్తే చాలు." ఆగి, ఆర్డెత్ బల్ల పట్టుకుని నిలబడ్డ తీరు చూసింది. "ఆ మోకాలు ఎన్నాళ్ల నుంచి?"

"మార్చి నుంచి. అరుగుదలట. నాకు లైమ్ లేదు, కాగితం ఉంది."

"ఎప్పటి కాగితం?"

"డిసెంబరు. జ్వరం వచ్చినప్పుడు."

"జ్వరం వచ్చిన వెంటనే రక్తం తీస్తే ఒక్కోసారి ఏమీ కనబడదండీ. జబ్బు ఉన్నా సరే." ఓడిల్ అరలోంచి చిన్న సీసా తీసి బల్లమీద పెట్టింది. అందులో నువ్వుగింజంత నల్లది, కాళ్లు ముడుచుకుని ఉంది. "ఇది మంచుకి చావదు. బాగా చలి పుడితే ఆకుల కింద దాక్కుంటుంది, కాస్త ఎండ కాస్తే బయటికొస్తుంది. నవంబరులో నేను వీటిని కుక్కల మీంచి రోజూ తీస్తాను."

ఆర్డెత్ సీసా వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఎప్పుడైనా చూశారా ఇలాంటిది?"

"చూళ్లేదు. తడిమాను," అంది.

"నేను మనుషులకి మందు రాయకూడదు. మళ్లీ రక్తం తియ్యమని గట్టిగా అడగండి. కుక్క సంగతి కూడా చెప్పండి."

కెర్విన్ ఓడిల్ ఇచ్చిన కుక్క కాగితం చదివాడు. రక్తం తీశాడు. వారానికి క్లినిక్కులో ఫోనెత్తే అమ్మాయి ఫోన్ చేసింది. "ఉందండీ మీకు. ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు. ఎండలో తిరక్కండి, ఒళ్లు కాలుతుంది." కెర్విన్ ఫోన్లోకి రాలేదు. జూలైలో అతనూ వెళ్లిపోయాడు.

ఆర్డెత్ రెండు మాత్రల సీసాలూ పక్కపక్కన పెట్టింది. ఒకదానిమీద ఆమె పేరు, రెండోదానిమీద టగ్ పేరు. మందు పేరు రెండింటిమీదా ఒకటే. టగ్ మాత్ర జున్నులో పెట్టి ఇచ్చేది, తనది రొట్టెతో మింగేది. కుక్క మందు మొదలుపెట్టిన పన్నెండు రోజులకి మనిషికి మందు దొరికింది.

ఈ లెక్క విన్‌స్లోకి రుచించలేదు. దుకాణం దగ్గర ఇంకో రకంగా చెప్పాడు. "మా కుక్క అంటించిందయ్యా దానికి. మంచంమీద పడుకోబెట్టుకుంటే అంటదా?" అక్కడున్నవాళ్లు నవ్వారు. జోన్స్‌బరోలో ఉన్న అన్నకొడుక్కి టగ్‌ని ఇచ్చేస్తానని కూడా చెప్పొచ్చాడు.

"కుక్క నుంచి మనిషికి అంటదని ఓడిల్ చెప్పింది," అంది ఆర్డెత్.

"ఆవిడకేం తెలుసు. పశువుల డాక్టరు."

"ఆవిడకే తెలిసింది."

ఆగస్టుకి వాపు దిగింది. బ్లూబెర్రీ కోతకి మాత్రం వెళ్లలేకపోయింది. మోకాలు ముప్పావు వంతే మడుస్తుంది. పొద్దున మంచం దిగి తలుపుదాకా నడిచేసరికి కాఫీ కాగిపోతుంది. మందు మార్చిలోనే పడి ఉంటే ఈ మిగులు ఉండేది కాదా అని కెర్విన్ తర్వాత క్లినిక్కుకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మని అడిగింది. ఉండకపోవచ్చు, చెప్పలేం అందావిడ. ఇంకోసారి వాస్తే అడవికి పోవడం కుదరకపోవచ్చని కూడా అంది. కొమ్మలు విరవకపోతే ఆర్డెత్‌కి నవంబరులో చెయ్యడానికి ఇంకే పనీ లేదు. పదహారో ఏట మొదలుపెట్టిన పని.

ఎండలు తగ్గాక ఆదివారాలు లోర్నా ఇంటికి వెళ్లేది. ఇద్దరూ టగ్‌తో ఇంటి వెనక అడవిలో నడిచేవారు. తిరిగి రాగానే లోర్నా కళ్లజోడు పెట్టుకుని, టార్చి వేసి, ముందు టగ్ చెవులూ తర్వాత అక్క మోకాలి మడతలూ చూసేది.

"నువ్వు నన్ను కూడా పశువులా చూస్తున్నావే," అంది ఆర్డెత్ ఒకసారి.

"పశువైతే ముందే మందు దొరికేది. కదలకు," అంది లోర్నా.

అక్టోబరు చివర్లో మొదటి మంచు పడింది, తర్వాత రెండోది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆర్డెత్ అడిగింది.

"ఒకటి చెప్పు విన్‌స్లో. ఆ రోజు చూశావా?"

"చూశాను."

"కళ్లజోడు లేకుండా."

"బంక చూడ్డానికి కళ్లజోడెందుకే?"

అతను ఉడకబెట్టిన చిక్కుడుగింజలు ఇంకో గరిటె వేసుకున్నాడు. బల్ల కింద టగ్ తోక నేలకి కొట్టింది.

"శనివారం జోన్స్‌బరో నుంచి వాడొస్తాడు, కుక్కని తీసుకెళ్లడానికి," అన్నాడు.

ఆర్డెత్ లేచింది. గిన్నెలు కడిగింది. ఫ్రిజ్‌మీది పాత కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకుంది.

శుక్రవారం మూడో మంచు పడింది. గడ్డి తెల్లగా, కాలు పెడితే కరకరమంటోంది. విన్‌స్లో బండి అద్దంమీద మంచు గీకుతూ, "ఇది మూడోది," అని కేకేశాడు. "కర్రలు తీసుకురా ఆర్డీ, ఎండ పడకముందే పోదాం."

ఆమె బయటికి వచ్చింది. భుజాన కొమ్మల కర్ర, ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో టగ్ తాడు. రోడ్డుమీద లోర్నా బండి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"నేనూ టగ్గూ లోర్నా ఇంట్లో ఉంటాం," అంది ఆర్డెత్. "ఈ ఏడు అక్కణ్ణించే అడవికి వెళ్తాను."