కడుపులో దూరి చూసే పోలయ్య

ఎదుటి మనిషి నోరు తెరవకముందే వాడి కడుపులో దూరి చూసొచ్చినట్టు మాట చెప్పేయడం పోలయ్యకున్న ఒకే ఒక్క జబ్బు. ఆ చెప్పినది ఒక్కటీ నిజం కాకపోవడం దానికి తోడు.

కొమరోలు బస్సులో పంటి నొప్పితో చెంప పట్టుకున్నవాణ్ణి పట్టుకుని, “కొత్త పెళ్లికొడుకువి, పెండ్లాం గుర్తొచ్చింది, అంతేనా?” అన్నాడు. పాపం, ఆయనకు అరవై ఏళ్లు.

“అర్ధవీడు బడిలో ఐదో తరగతి ఫస్టున పాసైనోణ్ణి! ఇద్దరు సర్పంచుల కడుపులో మాట చెప్పినోణ్ణి!” అని ఛాతీ విరిచేవాడు.

“ఇద్దరూ ఓడిపోయినారు కదా చిన్నాయనా?” అని అన్న కొడుకు హరికృష్ణ అడిగితే, “ఓడిపోతామన్నదే వాళ్ల కడుపులో మాట!” అనేవాడు.

అలాంటి పోలయ్య ఆ పొద్దున ఎదురు రావడం చూసి హరికృష్ణ తల పట్టుకున్నాడు. గొర్రెల దొడ్డి ముందు మార్కాపురం వ్యాపారి కోటేశ్వర్లు వ్యాను ఆగి ఉంది. తల్లి మాలకొండమ్మ మోకాళ్లు అరిగాయని, ఇక కొండెక్కొద్దని, హరికృష్ణే మంద మొత్తం అమ్మకానికి పెట్టాడు. బేరం కుదిరినప్పటి నుంచి ఆమె ఉలకదు, పలకదు. దొడ్డి తడికకు ఆనుకుని కూర్చుంది. ఎంత అడిగినా “ఏం లేదు” తప్ప మరో మాట లేదు.

“ఎక్కించేదా, వద్దా? తేల్చబ్బా!” అన్నాడు కోటేశ్వర్లు.

పోలయ్య వచ్చి ఆమె ముందు చతికిలబడ్డాడు. “వదినా, నీ కడుపులోది నాకు తెలుసు. గొర్రెల కంపు పడటంలేదు.”

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

“అది కాదా? అట్లయితే టీవీ ముందు కాళ్లు జాపుకోవాలని ఆశ. తప్పేముందిలే, ఇంక నీవల్ల ఏం పనయితది?”

“చిన్నాయనా, చాల్లే!” హరికృష్ణ అడ్డొచ్చాడు.

మాలకొండమ్మ తడిక పట్టుకుని లేచింది. “ఏందయ్యా పోలయ్యా, నావల్ల కాదా? కొండెక్కలేను గానీ, ఇంటికాడ గొర్రెపిల్లలకు పాలు పట్టలేనా? పొద్దంతా వాటితోనే మాట్లాడతా. అన్నీ పోతే నాతో మాట్లాడేదెవరు?”



హరికృష్ణ తడిక మూశాడు. “పొట్టేళ్లే ఎక్కించన్నా. పిల్లలు, తల్లులు ఇంటికాడే ఉంటాయి.” కోటేశ్వర్లు గొణుక్కుంటూ సరేనన్నాడు.

వ్యాను కదిలాక హరికృష్ణ పోలయ్యను పక్కకు లాగాడు. “ఆమె మనసు నీకు ముందే తెలుసా?”

“నాకెట్ల తెలుస్తదిరా? ఏమైందని అడిగితే ఎవరైనా ‘ఏం లేదు’ అనే అంటారు. తప్పు చెప్పు, తిట్టడానికైనా నోరు తెరుస్తారు.”

హరికృష్ణ తల్లి దగ్గరికి వెళ్లి నింపాదిగా కూర్చున్నాడు.

“అమ్మా, నీకు ఆకలి లేదు కదా?”

“ఎవరు చెప్పినార్రా? పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు తాగలా! సంగటి పెట్టు పో!”