బ్రాకీథెరపీ తర్వాత మనవడికి నీళ్లు పోశాను

మిరపకాయలు ఏరుతుంటే చీర తడిసినట్టనిపించింది. చూస్తే రక్తం. నెలసరి ఆగి ఏళ్లయింది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగి ఊరుకున్నాను. మళ్లీ కనిపించేసరికి మా ఆయన చండ్రుగొండ నుంచి ఖమ్మం తీసుకెళ్లాడు. బయాప్సీ చేశారు. సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భసంచి ముఖద్వారానికి వచ్చేది. "జల్దీనే వచ్చినవ్ పెద్దమ్మా, నయమైతది" అంది నర్సు. నాకేమో నా కూతురు సరిత మీదే ధ్యాస. దానికి ఏడో నెల, మొదటి కాన్పు మా ఇంట్లోనే.

హైదరాబాద్‌లో బయటి నుంచి రేడియేషన్, వారానికోసారి కీమో ఇచ్చారు. మధ్యలో బ్లడ్ కౌంట్ పడిపోయి అన్నీ వాయిదా పడ్డాయి. ఆ రోజు అన్నం ముట్టలేదు. కౌంట్ పెరిగాక డాక్టరమ్మ చెప్పింది: "ఈసారి రేడియేషన్ లోపలే పెట్టి ఇస్తామమ్మా. బ్రాకీథెరపీ అంటారు."

మత్తిచ్చి అప్లికేటర్ అనే సన్నటి గొట్టాలు అమర్చి, మెషీన్‌కు కలిపారు. అందరూ బయటికెళ్లి తలుపేశారు. మైకులో టెక్నీషియన్ "అమ్మా, బాగున్నవా?" అన్నాడు.

"నేను బాగనే ఉన్న. మీరే గట్ల ఉరికిండ్రేంది?"

అవతల నవ్వులు వినిపించాయి. మెషీన్ నడిచినంతసేపూ నొప్పి లేదు. గొట్టాలు తీసేటప్పుడు మాత్రం పళ్లు బిగబట్టాను. అలా మరికొన్నిసార్లు చేశారు.

ఇంటికొచ్చేసరికి మనవడు పుట్టాడు. మా ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా కాళ్లు చాపి నీళ్లు పోసేది నేనే. నా మనవడి దగ్గరికే నన్ను రానివ్వలేదు, కాన్పు చూసుకోవడానికి బోనకల్ నుంచి వచ్చిన వియ్యపురాలు.

"ఏమనుకోకు వదినా. నీ ఒంట్లో ఆ రేడియేషన్ ఉంటది. పసివాడు కదా."

నాకూ అదే భయం. కాదనలేకపోయాను. క్యాన్సర్ అన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

చెకప్‌కు ఆమెనూ తీసుకెళ్లాను. ఆమే అడిగింది: "మేడమ్, ఈమె పిల్లోణ్ని ఎత్తుకోవచ్చా?"

"హాయిగా ఎత్తుకోవచ్చు. ఈమెకు పెట్టిన రేడియేషన్ సోర్స్ కొద్ది నిమిషాలుండి మెషీన్‌లోకే వెళ్లిపోయింది. ఒంట్లో ఏమీ మిగల్లేదు."

వియ్యపురాలు నా వైపు తిరిగింది. "అయితే ఇన్నాళ్లూ నేను నడుం విరిగేలా నీళ్లు పోసిందెందుకు?"

డాక్టరమ్మ కూడా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఆమే వాణ్ని తెచ్చి నా కాళ్ల మీద పడుకోబెట్టింది. నీళ్లు పోస్తుంటే వాడు ఊరంతా వినపడేలా ఏడ్చి, సాంబ్రాణి పొగ వేయగానే నిద్రపోయాడు. నా సంతోషం చెప్పలేను.

ఇప్పుడు వాడు పరుగెడితే పట్టుకోవడం నా పని. చెకప్‌లు మానలేదు. ఒక్క మాట చెబుతాను. బ్రాకీథెరపీ అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి ఆ సోర్స్‌ను లోపలే ఉంచేస్తారట, వాళ్ల జాగ్రత్తలు వేరు. మీ సంగతి మీ డాక్టర్‌నే అడగండి. ఒక్కరే వెళ్లకండి. ఇంట్లో ఎవరు ఎక్కువ భయపడుతున్నారో వాళ్లను వెంట తీసుకెళ్లి, వాళ్ల చేతే అడిగించండి.